'హాజరు': మా పిల్లల సినిమాకి మొదలు దొరికిన కథ

(ఆగస్టు 9, ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో ఒక గిరిజన బాలికల వసతి గృహం వార్డెన్ చేసిన ప్రసంగ పాఠం)

  వెనక వరసలో యూనిఫాంలో కూర్చుని గుసగుసలాడుతున్న మా పిల్లలకు ముందే ఒక మాట. మీ సంగతే చెప్పబోతున్నాం. తప్పు చెబితే లేచి సరిదిద్దండి, ఏమీ అనుకోం.

మమ్మల్ని పదిహేను నిమిషాలు మాట్లాడమన్నారు. మా పిల్లలు తీసిన సినిమా మొత్తం తొమ్మిది నిమిషాలు. తొమ్మిది నిమిషాల సినిమా గురించి పదిహేను నిమిషాల ఉపన్యాసం ఏమిటని మాకే నవ్వొచ్చింది. అందుకని సినిమా మొత్తం జోలికి పోము. దాని మొదటి నిమిషం గురించే చెబుతాం. ఆ ఒక్క నిమిషానికి 2024 జూలై నుంచి నవంబరు దాకా పట్టింది. మిగతా ఎనిమిది నిమిషాలూ రెండు ఆదివారాల్లో అయిపోయాయి.

మేము పుట్టింది పాత కృష్ణా జిల్లా మెట్టలో, ఒక సుగాలి తండాలో. బి.ఎడ్. చదివాం, కొన్నేళ్ళు పాఠాలు చెప్పాం, తర్వాత వార్డెన్‌గా వచ్చాం. బియ్యం లెక్క, గుడ్ల లెక్క, దుప్పట్ల లెక్క వచ్చుగాని కెమెరా లెక్క మాకు రాదు. మా హాస్టల్లో యానాది పిల్లలు, ఎరుకల పిల్లలు, సుగాలి పిల్లలు కలిసి ఉంటారు. ప్రతి ఏడాదీ ఆగస్టు 9కి డాన్సు కడతారు. 2024 జూలైలో ఒక రాత్రి అన్నాలయ్యాక తొమ్మిదో తరగతి పిల్లలు వచ్చి, "ఈసారి డాన్సు వద్దు మేడమ్, పోయినేడు కట్టిన లంగాలే మళ్ళీ కట్టాలి. సినిమా తీద్దాం" అన్నారు. ఆగస్టు 9కి అవుతుందా అని అడిగాం. అవుతుందన్నారు. ఎంత అమాయకులమో చూడండి, వాళ్ళూ మేమూ.

మర్నాటి నుంచే భోజనాల హాల్లో సమావేశాలు. సినిమా దేని గురించి అన్నది తేలకముందే ఎలా మొదలవ్వాలో తేల్చేశారు. రాత్రి. చీకట్లో పరిగెత్తే కాళ్ళు. టార్చిలైట్లు. పోలీసు ఈల. గోడ దూకే మనిషి. అప్పుడు పేరు పడాలి. ఒక పిల్ల నోటితో ఆ సంగీతం కూడా కొట్టి చూపించింది. బాగానే కొట్టింది. మిగతావాళ్ళు చప్పట్లు.

ఒక అమ్మాయి మాత్రం చప్పట్లు కొట్టలేదు. ప్లేటు కడుక్కుని వెళ్ళిపోయింది. ఎరుకల పిల్ల. రెండు రోజులు సమావేశాలకు రాలేదు. మూడో రోజు మేమే వెళ్ళి పక్కన కూర్చుంటే, ఏమీ అడక్కముందే చెప్పింది. 2023లో ఆ పెద్ద సినిమా వచ్చినప్పుడు వాళ్ళ ఊళ్ళో కొట్టు దగ్గర ఎవరో నవ్వుతూ, "ఏమ్మా, మీవాళ్ళ సినిమా వచ్చిందంటగా, చూశారా?" అన్నారట. వాళ్ళ నాన్న బుట్టలు అమ్ముకుని వస్తూ అది విన్నాడు. ఏమీ అనలేదట. ఆ అమ్మాయికి ఆ ఏమీ అనకపోవడమే గుర్తుండిపోయింది.

ఇక్కడ కాస్త ఆగి సినిమావాళ్ళను రెండు మాటలు అనాలి. మన జిల్లాకి సినిమా కొత్త కాదు. తెలుగు సినిమాకి పితామహుడని పిలిచే రఘుపతి వెంకయ్య గారు బందరు మనిషి. ఈ బెజవాడలో 1921లోనే మారుతీ సినిమా హాలు వచ్చింది. 'మాలపిల్ల' తీసి 1938లో ఊళ్ళను కుదిపిన గూడవల్లి రామబ్రహ్మం గారిది నందమూరు. ఇంత చరిత్ర ఉన్నచోట మన పిల్లలు తెర మీద తమవాళ్ళను ఎక్కడ చూశారు? సుగాలి ఆడది అద్దాల లంగాతో ఒక పాటకి వస్తుంది, పోతుంది. ఎరుకలసాని వేషం కట్టి కథానాయిక జోస్యం చెబుతుంది, అసలు ఎరుకలసాని ఎక్కడా కనబడదు. ఇక స్టువర్టుపురం పేరు పెట్టుకుని 1991 ఒక్క ఏడాదిలోనే రెండు సినిమాలు వచ్చాయి. 2023లో 'టైగర్ నాగేశ్వరరావు' వచ్చింది. దాని టీజరు తమ జాతిని కించపరిచేలా ఉందని హైకోర్టులో పిటిషను కూడా పడింది. యానాదులైతే నేపథ్యంలో నడిచిపోతారు, అంతే.

అంటే మా పిల్లలు కట్టిన ఆ పరిగెత్తే కాళ్ళు వాళ్ళ బుర్రలో పుట్టినవి కావు. చూసి చూసి పట్టుకున్నవి. సుగాలి పిల్లలు, యానాది పిల్లలు కలిసి, పక్కన ఎరుకల పిల్ల కూర్చుని ఉండగా, అదే తీద్దామన్నారు. వాళ్ళను తిట్టలేదు. మాకూ ఆ సంగీతం వినగానే కాలు ఆడింది మరి.

బి.ఎడ్.లో పాఠ్య ప్రణాళిక రాయించేవారు. అందులో మొదటి మెట్టు ఉన్ముఖీకరణ. పాఠం పేరు బోర్డు మీద రాయకముందే పిల్లల మనసును అటు తిప్పాలి. మేము ఒకసారి నీటి కాలుష్యం పాఠానికి మురికి నీళ్ళ సీసా తీసుకెళ్ళి ముందే చూపించాం. పీరియడంతా పిల్లలు ముక్కు మూసుకునే కూర్చున్నారు, పాఠం ఒక్క ముక్క ఎక్కలేదు. మా మేష్టారు వెనక నుంచి చూస్తూ, "ముక్కు మూయించావు, తెరిపించడం మర్చిపోయావు" అన్నారు. మా పిల్లలకి ఆ కథ చెప్పాం. మొదట దొంగను చూపిస్తే, తర్వాత ఎంత మంచి చెప్పినా జనం ఆ దొంగ కోసమే వెతుకుతారని అప్పుడు ఒప్పుకున్నారు. పరిగెత్తే కాళ్ళు పోయాయి. సంగీతం కొట్టిన పిల్ల వారం రోజులు మాతో సరిగ్గా మాట్లాడలేదు.

తర్వాత కంప్యూటరు గదిలో లూమియేర్ సోదరుల సినిమా చూపించాం. 1895లో ఫ్రాన్సులోని లియోన్ ఊళ్ళో తీసింది. ఒక నిమిషం కూడా ఉండదు. ఫ్యాక్టరీ గేటు తెరుచుకుంటుంది, పనివాళ్ళు బయటికి వస్తారు, గేటు మూస్తారు. అంతే కథ. "ఇది మనం స్కూలు నుంచి వచ్చేటప్పుడు తీసినట్టే ఉంది" అని ఒక పిల్ల అంది. ఆ సినిమాను వాళ్ళు మూడుసార్లు తీశారని చెబితే మాత్రం అందరూ ముందుకి జరిగారు. ప్రపంచంలో మొదటి సినిమావాళ్ళే మళ్ళీ మళ్ళీ తీసుకుంటే మనకేం సిగ్గు? ఒకదాంట్లో కుక్క ఎక్కడ వచ్చింది, ఇంకోదాంట్లో గుర్రం బండి ఎక్కడ వచ్చింది అని వెతుకుతూ మూడూ పదేసిసార్లు చూశారు. మాకు తెలిసినంతలో సినిమా పాఠం అంతకంటే బాగా చెప్పలేం.

అప్పుడు రెండో మొదలు పుట్టింది. ప్రకాశం బ్యారేజీ మీద పొద్దు పొడవాలి. కింద ఇసుకలో తెల్లగా రెల్లు ఊగాలి. రెల్లులోంచి ఎరుకల అమ్మాయి నెత్తిన బుట్టతో నడిచి రావాలి. విజయవాడ అంటే బ్యారేజీ కదా మేడమ్ అన్నారు. పాత సరుకుల బిల్లుల వెనక్కి తిప్పి స్టోరీబోర్డు గీశారు. ఒక్కో గడిలో ఒక్కో షాటు, పక్కన ఎన్ని సెకన్లు, సూర్యుడు ఏ పక్క, శబ్దం ఏది. మొత్తం పదకొండు గడులు. ఒక గడిలో బ్యారేజీకి గేట్లు ఎన్ని గీయాలని గొడవ పడి, 70 అని తెలుసుకుని, ఓపిక చాలక 19 గీసి 'మొదలైనవి' అని రాశారు.

ఒక ఆదివారం అనుమతి తీసుకుని సీతానగరం వైపు రేవుకి పిల్లలను తీసుకెళ్ళాం, చోటు చూడటానికి. ఈ నది మీద 1850ల్లో కట్టిన ఆనకట్ట గురించి, 1957లో వచ్చిన బ్యారేజీ గురించి, ఇక్కడ నుంచి డెల్టాకి నీళ్ళు తీసుకెళ్ళే కాలువల గురించి సోషల్ టీచరులా చెప్పుకుంటూ పోయాం. వింటున్నారనుకున్నాం. ఎరుకల అమ్మాయి మాత్రం, "బందరు కాలువ నీళ్ళు ఇక్కడివేనా? అయితే ఇవే నీళ్ళు మా తాతమ్మ ఇంటి ముందుకి పోతాయి" అంది. తాతమ్మ అంటే ఆమె అమ్మమ్మకి అమ్మ. ఎనభై దాటిన మనిషి, ఇంకా బుట్టలు అల్లుతుంది. ఆ మాట మేము అప్పుడు పట్టించుకోలేదు. ఆ రోజు మా ధ్యాసంతా వెలుగు ఏ గంటకి ఎటు పడుతుందన్న దాని మీదే.

షూటింగుకి తేదీ ఆగస్టు 31, శనివారం. ఆ తేదీ పిల్లలు ఊరికే పెట్టలేదు. బ్రిటిష్‌వాళ్ళు 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. 1911లో దాన్ని మార్చి మద్రాసు రాష్ట్రానికి కూడా తెచ్చారు. పుట్టుకతోనే దొంగలని పేరు పెట్టి, మన ఎరుకలవాళ్ళను పట్టీల్లో ఎక్కించి, వేలిముద్రలు తీసుకుని, సెటిల్‌మెంట్లలో పెట్టారు. స్టువర్టుపురం అలా వెలిసిందే. మద్రాసు రాష్ట్రంలో 1947లోనే ఆ చట్టం పోయింది, దేశమంతటా పోయింది 1952 ఆగస్టు 31న. ఆ రోజును విముక్త జాతుల దినంగా జరుపుకుంటారు. ఆ రోజే తెల్లవారుజామున రెల్లులోంచి మన అమ్మాయి నడిచి రావాలని వాళ్ళ ఆశ.

ఆ రోజు ఏమైందో ఈ హాల్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఆగస్టు 31న కురిసిన వానకి బెజవాడలో రోడ్డేదో కాలువేదో తెలియలేదు. మర్నాటికి బుడమేరు సింగ్ నగర్ మీదికి వచ్చేసింది. సెప్టెంబరు 2న బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు, ఎప్పుడూ లేనంత. పడవలు కొట్టుకొచ్చి గేట్లకు తగిలాయి. మా పిల్లలు 19 గేట్లు గీసిన చోట జిల్లా అంతా కళ్ళు పెట్టుకుని చూసింది.

మా వంటమ్మ ఇల్లు సింగ్ నగర్లోనే. నాలుగు రోజులు మేడ మీద ఉన్నారు. మేము అప్పటిదాకా పరీక్షగా తీసిన షాట్లన్నీ వాళ్ళబ్బాయి ఫోన్లో ఉన్నాయి, అదే కొంచెం మంచి ఫోను. ఆ ఫోను మునిగింది. వంటమ్మ నీళ్ళలోంచి వచ్చి మొదట అన్న మాట, "పిల్లల సినిమా పోయిందమ్మా" అని. ఇల్లు పోయిన మనిషి ఆ మాట అంటే మాకు ఏం చెప్పాలో తోచలేదు. ఆ నెలంతా సినిమా ఊసే లేదు. ఆమె ఇంట్లో బురద ఎత్తడానికి సెలవు రోజుల్లో పెద్ద పిల్లలు వెళ్ళారు.

దసరా సెలవుల ముందు ఒక సాయంత్రం మళ్ళీ మాట వచ్చింది. నది తగ్గింది గాని రెల్లు లేదు, మేట పడి నేలంతా చదునైపోయింది. అప్పుడు సత్యజిత్ రాయ్ సంగతి చెప్పాం. 'పథేర్ పాంచాలి' తీసేటప్పుడు 1952లో ఆయన కూడా ఈ రెల్లు పూలలోనే మొదటి రోజు షూటింగు పెట్టుకున్నాడు. అక్కాతమ్ముళ్ళు రైలును చూసే ఘట్టం. వారం తర్వాత మళ్ళీ వెళ్ళి చూస్తే పూలు లేవు, పశువులు మేసేశాయి. మళ్ళీ పూసేదాకా ఏడాది ఆగాడు. "మనం ఏడాది ఆగితే టెన్తు పరీక్షలు మేడమ్" అన్నారు పిల్లలు. నిజమే. రాయ్ గారికి టెన్తు లేదు.

సెలవుల నుంచి వచ్చి ఎరుకల అమ్మాయి తనే అంది. "మా తాతమ్మను తీద్దాం. నేను నడవను. బుట్ట నెత్తిన పెట్టుకుని నేనెప్పుడూ నడవలేదు, అది అబద్ధం." స్టోరీబోర్డులో పదకొండు గడుల నిండా ఉన్న అబద్ధం మా ఎవరికీ కనబడలేదు. నిజంగా బుట్టలు మోసే మనిషి కాలువ గట్టు మీద ఉండగా, ఫోటోకి బాగుంటుందని పిల్ల నెత్తిన బుట్ట పెట్టాలనుకున్నాం.

కార్తీక మాసంలో ఒక ఆదివారం ఆరుగురు పిల్లలతో ఉయ్యూరు బస్సెక్కాం. ఊరి పేరు చెప్పం. బందరు కాలువ గట్టున తాటాకు పందిరి, పందిరి కింద వెదురు బొంగులు, నీళ్ళ తొట్టిలో నానేసిన దబ్బలు, పక్కన కోళ్ళ గంప. ముసలమ్మ స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని కూర్చుని ఉంది.

మేము పద్ధతిగల మనుషులం. ఎవరిని తీసినా ముందు ఒప్పుదల ఉండాలని పిల్లలకు నేర్పాం. పిల్లల తల్లిదండ్రులందరి దగ్గరా అంగీకార పత్రాలు తీసుకున్నాం. ఆవిడకీ ఒక పత్రం టైపు చేయించాం. చదివి వినిపించాం. విని తలూపింది. సంచిలోంచి స్టాంపు ప్యాడు తీసి మూత తెరిచాం.

ఆవిడ చెయ్యి కొంగులోకి లాగేసుకుంది.

"వేలు అడిగితే ఇవ్వను" అంది. కోపంగా కాదు. చిన్నపిల్ల మందు వద్దన్నట్టు అంది. మునిమనవరాలు, "తాతమ్మా, ఇది బ్యాంకులో వేసేదే" అంటే, "బ్యాంకులోనూ నేను వెయ్యను, మీ అమ్మమ్మ చేత వేయిస్తా" అంది. ఆ తర్వాత నెమ్మదిగా చెప్పింది. ఆవిడ చిన్నప్పుడు వాళ్ళయ్య రోజూ రాత్రి మునసబు చావడికి వెళ్ళి హాజరు చెప్పాలి. పక్క ఊళ్ళో బుట్టలు అమ్ముకోవాలంటే చీటీ రాయించుకోవాలి. వేలిముద్ర వేసిన రాత్రి ఆ సిరా పోయేది కాదు. "అన్నం కలిపే వేలమ్మా అది. మా అయ్య ఎడం చేత్తో తినలేడు గదా. నల్లేలితోనే కలుపుకునేవాడు. మేం చూసేవాళ్ళం."

ఆ స్టాంపు ప్యాడు మా టేబుల్ మీద పదేళ్ళుగా ఉంది. స్కాలర్‌షిప్పు కాగితాలకు, అడ్మిషను కాగితాలకు ఎంతమంది తల్లుల వేళ్ళు పట్టుకుని అందులో అద్దామో లెక్కలేదు. చదువురాని మనిషి చెయ్యి పట్టుకోవడం ఆదరమే అనుకున్నాం. ఎవరైనా చెయ్యి వెనక్కి తీసుకున్నారేమో, మేము చూడలేదేమో, ఇప్పుడు గుర్తు తెచ్చుకోవాలన్నా రాదు.

మూత పెట్టేశాం. ఆవిడ మునిమనవరాలి వైపు తిరిగి, "మీ హాస్టల్లో హాజరు ఏస్తారంటే?" అని అడిగింది.

"ఏస్తారు తాతమ్మా. పొద్దున, రాత్రి."

"రాత్రి కూడానా?"

పిల్ల మా వైపు చూసింది. మేము సర్ది చెప్పాం. పిల్లలు అందరూ భద్రంగా ఉన్నారో లేదో చూసుకోవాలి కదమ్మా, అందుకని అన్నాం. ఆవిడ, "అవునమ్మా, మా అయ్యకీ అట్టాగే చెప్పేవోళ్ళు" అంది. వెటకారం లేదు ఆ మాటలో. అదే ఇంకా కష్టమైంది.

కెమెరా పట్టుకునే పిల్ల, యానాది పిల్ల, ఉన్నట్టుండి అంది. "వేలెందుకు మేడమ్, నోటితో చెబితే చాలదా? ఫోన్లో తీసి పెట్టుకుందాం." ఫోను అప్పటికే దాని చేతిలో ఉంది. గంప మీద ఆనించి మీట నొక్కింది. స్టాండు లేదు, వెలుతురు చూసుకోలేదు, ఏదీ చూసుకోలేదు. ముసలమ్మ ముందు, "ఎవరిని చూడాల? దీన్నా?" అంది. తర్వాత మునిమనవరాలితో ఎరుకల మాటలో ఏదో అంది. ఆ పిల్ల నవ్వి, తనూ అదే మాటలో బదులిచ్చింది. మా హాస్టల్లో మూడేళ్ళ నుంచి ఉన్న పిల్ల. దాని నోట ఆ భాష మేము వినడం అదే మొదలు. వాళ్ళ భాష తమిళానికి దగ్గరగా ఉంటుంది. మా లంబాడీ మాట మేము బస్సులో మాట్లాడటం ఎప్పుడు మానేశామో ఆ నిమిషంలో గుర్తొచ్చింది. సరే, అది వేరే సంగతి.

తర్వాత తెలుగులోకి వచ్చింది. పేరు చెప్పింది, వాళ్ళయ్య పేరు చెప్పింది. "నీకు ఇష్టమేనా తాతమ్మా?" అంటే, "ఇష్టం లేకపోతే ఇంత పొద్దున్నే తలకు పోసుకుని ఎందుకు కూచుంటానే?" అంది. మొత్తం 52 సెకన్లు. అంగీకార పత్రం అయిపోయింది అనుకుని ఫోను తీసేశాం.

అసలు షూటింగు మళ్ళీ ఆదివారం. ఈసారి అన్నీ పద్ధతిగా. అర బస్తా ఇసుక పోసి మూతి కట్టి దాని మీద ఫోను ఒత్తి పెడితే స్టాండు కంటే గట్టిగా నిలుస్తుందని కనిపెట్టాం. ఫోను అడ్డంగా పట్టుకోవాలన్న ఒక్క మాట వందసార్లు చెప్పాం. మాట్లాడేవాళ్ళకు దగ్గరగా ఇంకో ఫోను పెట్టి, గాలి కొట్టకుండా దాని మీద పల్చటి తువ్వాలు కప్పి, శబ్దం విడిగా పట్టుకున్నారు. ప్రతి షాటుకీ ముందు చప్పట్లు ఒకసారి, బొమ్మా శబ్దమూ తర్వాత కలుపుకోవడానికి. పందిరి కింద నీడలోంచి వెనక కాలువ మెరుస్తుంటే ముఖం నల్లబడిపోతోంది. తెర మీద ముఖం దగ్గర వేలు నొక్కి పట్టుకుంటే వెలుతురు అక్కడ కట్టేసుకుంటుందని తెలుసుకోవడానికి గంట పట్టింది. అది తెలిసేసరికి ఎండ మారిపోయింది. అటు గుడి మైకులో కార్తీక మాసం పాటలు, ఇటు పొలంలో కోత మిషను. శబ్దం చూసే పిల్ల కోత మిషను డ్రైవరు దగ్గరికి పోయి పది నిమిషాలు ఆపమని బతిమాలి వచ్చింది. ఆపాడు, పాపం. గుడి మైకు దగ్గరికి మాత్రం పోనివ్వలేదు, అంత ధైర్యం మాకు లేదు.

వెదురు చీల్చే చేతులు దగ్గరగా తీయాలని పిల్లల కోరిక. సినిమా చేతులతోనే మొదలవ్వాలట. కత్తి దిగడం, బొంగు ఫట్‌మని విచ్చుకోవడం, దబ్బ మీద నుంచి లోపలి బెండు గీకెయ్యడం. పద్నాలుగు టేకులు. పద్నాలుగోదానికి ముసలమ్మ కత్తి పక్కన పెట్టి, "ఎన్నిసార్లు చీల్చమంటారమ్మా, ఇట్టాగైతే బుట్టెప్పుడవుద్ది?" అంది. రెండు ఆదివారాలు ఆవిడ పని చెడగొట్టాం. అందుకని ఆవిడ అల్లిన రెండు పెద్ద గంపలు హాస్టలుకి కొన్నాం. ఇప్పుడు ఉల్లిపాయలు వాటిలోనే.

ఎడిటింగు హాస్టల్లో, ఫోన్లోనే, రాత్రి చదువులయ్యాక. చేతుల షాటు నిజంగా బాగా వచ్చింది. పెద్ద సినిమాలా ఉందని మురిసిపోయాం. మూడు రోజులు అదే మొదలు. నాలుగో రోజు ఎరుకల అమ్మాయి, "ఇందులో మా తాతమ్మ లేదు, చేతులే ఉన్నాయి. వాళ్ళకి కావాల్సింది కూడా వేళ్ళే కదా" అంది. ఆ పిల్ల చాలా తక్కువ మాట్లాడుతుంది, మాట్లాడితే మాకు రాత్రి నిద్ర ఉండదు.

అప్పుడు కెమెరా పిల్ల ఆ 52 సెకన్ల ముక్క తీసి పెట్టింది. తల పైభాగం తెగింది. మధ్యలో ఒక కోడి తాపీగా దాటుకుంటూ పోతుంది. వెలుతురు సరిగా లేదు. మేము నేర్పిన ప్రతి నియమమూ అందులో తప్పింది. కాని "ఎవరిని చూడాల? దీన్నా?" అని ఆవిడ నేరుగా మన కళ్ళలోకి చూస్తుంది. ఆవిడను ఎవరూ పట్టుకోలేదు, ఎవరూ ఎక్కించలేదు, ఒప్పుకుని తనే వచ్చి కూర్చుంది. అదే మొదలు అని అందరూ ఒక్కసారే అన్నారు. ఐదు నెలలు వెతికిన మొదలు, మేము కాగితం కింద లెక్కేసి పక్కన పెట్టిన దాంట్లో ఉంది.

దాని ముందు ఇంకొకటి కావాలన్నారు. తెర నల్లగా ఉండాలి, హాజరు వినబడాలి. మా గొంతుతో. మేము గట్టిగానే అడ్డం చెప్పాం. "వార్డెన్‌ని విలన్ చేస్తారా?" అంటే, "మీరు విలన్ కాదు మేడమ్, మీ గొంతొక్కటే" అన్నారు. ఒక రోజు ఆలోచించుకుంటామన్నాం. కోపం వచ్చింది, దాచడమెందుకు. ఇన్నేళ్ళు వీళ్ళ జ్వరాలకి, జడలకి, చెప్పులకి తిరిగినవాళ్ళం మునసబు పక్కన నిలబడాలా అనిపించింది. మర్నాడు రాత్రి హాజరు వేస్తూ మా గొంతు మేమే విన్నాం. సరే, తీసుకోండి అన్నాం. మొదటిసారి రికార్డు చేసినప్పుడు చాలా ముద్దుగా పిలిచామట. "అట్లా కాదు మేడమ్, రోజూలాగా పిలవండి." రెండోసారికి కుదిరింది. నాలుగు పేర్లకి ప్రెజెంట్ మేడమ్ అని వస్తుంది. అయిదో పేరుకి ఎవరూ పలకరు. మళ్ళీ పిలుస్తాం. అప్పుడు తెర వెలుగుతుంది.

ఒక్క విషయంలో పిల్లలతో మాకు ఇప్పటికీ పూర్తి ఒప్పుదల లేదు. ముసలమ్మ ఎరుకల మాటలో అన్న మొదటి మాటకి కింద తెలుగు వేయలేదు. రెండో మాట నుంచి వేశారు. అర్థం కాకపోతే జనం ఫోన్లు చూసుకుంటారని మా వాదన. ఒకటో తరగతిలో మాకు అర్థం కాలేదు, ఎవరైనా కింద రాశారా అని వాళ్ళ వాదన. ఓట్లు పెడితే మాకు మా ఓటొక్కటే పడింది.

ఊరికి తీసుకెళ్ళి ఆవిడకు ఫోన్లో చూపించాం. అంతా చూసి, తల తెగినందుకు బాధపడింది. "చెవి పోగు కనబడకుండా తీశారేమే, దానికే తోమి పెట్టుకున్నా" అంది. కోడి దగ్గర మాత్రం మళ్ళీ మళ్ళీ పెట్టించుకుంది. ఆ కోడి అప్పటికి లేదు.

హాజరు సంగతి అడుగుతారు, ముందే చెబుతాం. రాత్రి హాజరు మానలేదు. మానలేం కూడా. రాత్రి ఒక ఆడపిల్ల మంచం ఖాళీగా ఉంటే మా గుండె ఆగిపోతుంది. పిల్లలు ఒక షరతు పెట్టారు. చివర్న వాళ్ళు మా పేరు పిలుస్తారు, మేము లేచి ప్రెజెంట్ చెప్పాలి. మేము ఒక్కో రోజు మర్చిపోతాం, వాళ్ళు మర్చిపోరు. స్టాంపు ప్యాడు బీరువాలో ఉంది. సంతకం రాని తల్లులు వస్తే ముందు, పేరు రాయడం నేర్చుకుంటారా, వేలు వేస్తారా అని అడుగుతున్నాం. ఎక్కువమంది తొందరలో ఉంటారు, బస్సు పోతుందంటారు, వేలే వేస్తారు. కొంతమంది కూర్చుంటారు.

ఇక సినిమా వేస్తాం. ముసలమ్మ పేరు మేము చెప్పలేదు కదా, ఆవిడే చెబుతుంది. లైట్లు తీసే అబ్బాయికి, సౌండు చూసే తమ్ముడికి ఒక మనవి. సౌండు కొంచెం పెంచండి నాయనా. మొదటి పదకొండు సెకన్లు తెర నల్లగానే ఉంటుంది. ప్రొజెక్టరు పాడైందనుకుని ఎవరూ లేవకండి.